నోరులేని రోగి, నోరున్న బిల్లు

మా భీముడికి జబ్బు చేసింది.

భీముడంటే గద పట్టుకున్నవాణ్ణి ఊహించుకోకండి. ఆరు కిలోల బరువు, జానెడున్నర ఎత్తు, తెల్లటి బొచ్చు. ఎవరైనా గేటు తీస్తే ముందు వీధి దద్దరిల్లేటట్టు మొరిగి, ఆ మనిషి నిజంగానే లోపలికి వస్తే మంచం కింద దూరే స్వభావం. ఆ పేరు మా మనవరాలు తన ఐదో ఏట పెట్టింది. పెట్టిన రోజున అందరం నవ్వాం. పదకొండేళ్ళు పిలిచాక ఇక నవ్వు రావడం మానేసింది. వాడికి అదే పేరు, అంతే.

అలాంటివాడు మూడు రోజులపాటు ముద్ద ముట్టుకోలేదు. నీళ్ళు మాత్రం గిన్నెలకు గిన్నెలు తాగి, తాగినవన్నీ కక్కేస్తున్నాడు. నాలుగో రోజు పొద్దున్న పాలవాడు గేటు తీస్తే తలెత్తి చూసి మళ్ళీ దించేశాడు. మొరగలేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఇంక ఆ పేపరు మడిచి లేవండి" అంది.

నేనూ, మనవరాలూ ఆటోలో వాణ్ణి వేసుకుని వెళ్ళాం. ఈ మధ్యనే మా ఊళ్ళో వెలిసిన పెంపుడు జంతువుల ఆసుపత్రి అది. అద్దాల తలుపులు, చల్లటి గాలి, గోడలనిండా నవ్వుతున్న కుక్కల ఫోటోలు. బల్ల వెనకాల కూర్చున్న అమ్మాయి భీముడి పేరూ, వయసూ రాసుకుంది. ఆ తరవాత అడగవలసింది "ఏమైంది?" అని కదా! ఆ అమ్మాయి అడిగింది: "ఇన్సూరెన్సు ఉందా అంకుల్?"

అంత దిగుల్లోనూ నాకు నవ్వొచ్చింది. ఎందుకంటారా? నేను 1974లో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో గుమాస్తాగా చేరి, 2012లో రిటైరైనవాణ్ణి. అందులో సగం కాలం పశువుల బీమా కాగితాలే చూశాను. "బీమా ఉందా?" అని ఎదుటివాణ్ణి అడగడం నా ఉద్యోగం. జన్మకి మొదటిసారి ఒకరు నన్నడిగారు.

లేదు. మా అబ్బాయి రెండేళ్ళ కిందట ఒక కంపెనీవాళ్ళని అడిగి చూశాడు. భీముడికి వయసు మీరిపోయిందన్నారు. ఆ మాట నేనే ఎంతమందికి చెప్పానో!

డాక్టరుగారు కుర్రవాడు, ముప్ఫై దాటి ఉండవు. ఓపికగా చూశాడు. రక్తం తీశాడు. పొట్టమీద బొచ్చు గొరిగి, మిషను పెట్టి లోపల చూశాడు. గంట తరవాత మమ్మల్ని గదిలోకి పిలిచాడు.

"మూత్రపిండాలు చాలావరకు పాడయ్యాయండి. పోయినవి మళ్ళీ రావు. వారం రోజులు ఇక్కడే ఉంచి, సెలైను ఎక్కిస్తూ, రోజూ రక్తం పరీక్ష చేసి చూడొచ్చు. తట్టుకుంటే కొన్ని నెలలు గడుస్తాయి. తట్టుకోకపోనూ వచ్చు."

ఒక కాగితంమీద లెక్కవేసి నా ముందుకు జరిపాడు. 48 వేలు. ఆ తరవాత మెల్లిగా అడిగాడు: "చెయ్యగలిగిందంతా చేద్దామా అండీ?"

నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్న గురించే. దానికి "వద్దు" అని ఎవడనగలడు చెప్పండి? "చెయ్యగలిగిందంతా అక్కర్లేదు నాయనా, కొంచెం చాలు" అనడానికి నోరెలా వస్తుంది? పక్కనేమో పదహారేళ్ళ మనవరాలు భీముడి తల నిమురుతూ నా మొహమే చూస్తోంది. నేను పెన్షనరుని. 48 వేలు ఇచ్చుకోలేనని కాదు, ఇస్తే వెలితి తెలుస్తుంది. ఆ సంగతి ఆ బల్ల దగ్గర చెప్పడానికి సిగ్గేసింది. "ఇవాళ్టికి సెలైను పెట్టండి, రేపు చెబుతాం" అని తప్పించుకొచ్చాను.

సాయంత్రం మా ఎదురింటి హెడ్మాస్టరుగారు పరామర్శకి వచ్చారు. రిటైరై పదేళ్ళయినా ఎవరు కనబడినా తప్పులు దిద్దే అలవాటు ఆయనకి పోలేదు. అంచనా కాగితం చూసి కళ్ళజోడు సవరించుకున్నారు.

"కుక్కకి 48 వేలా! మనుషులకే దిక్కులేక చస్తుంటే ఇదేం చోద్యమండీ? ఈ డబ్బుతో ఒక పేదపిల్లకి ఏడాది చదువు చెప్పించొచ్చు."

"చెప్పించొచ్చు" అన్నాను. "కాని మాస్టారూ, కిందటేడు మీ ఇంటికి పైఅంతస్తు వేసి, ముందువైపు ఆ పాలరాయి అంటించినప్పుడు మనకి ఏ పేదపిల్లా గుర్తు రాలేదు. కుక్కకి జబ్బు చెయ్యగానే లోకంలోని బీదరికం అంతా ఎందుకు గుర్తొస్తుందంటారు?"

ఆయన పకపకా నవ్వి, "అదీ నిజమే" అన్నారు. పెద్దమనిషి, కోపం తెచ్చుకోలేదు. "పోనీ ధర్మరాజు దారి పట్టండి. కుక్కని రానివ్వకపోతే స్వర్గమే వద్దన్నాడుగా!"

"ధర్మరాజుకేం మాస్టారూ! తనది పరీక్ష అని తెలియకుండా నెగ్గాడు. నాకు పరీక్ష అనీ తెలుసు, ఫీజెంతో కూడా తెలుసు."

ఆయన వెళ్ళాక ఆలోచిస్తే ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదనిపించింది. మనుషుల తరవాతే జంతువులు అన్న మాట మన దేశంలో అందరూ అనలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండలమీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో రెండో శాసనం వైద్యం గురించి. మనుషులకి ఒక వైద్యం, పశువులకి ఒక వైద్యం, రెండూ ఏర్పాటు చేయించానంటాడు ఆ చక్రవర్తి. ఇరవై రెండు శతాబ్దాల పైనుంచి ఆ రెండూ ఒకే బండమీద పక్కపక్కనే ఉన్నాయి. అయితే అక్కడ ఖర్చు ఖజానాది. ఎంతవరకు ఖర్చు పెట్టాలో నాబోటి పెన్షనరుకి చెప్పే శాసనం ఏ బండమీదా లేదు. మాస్టారి మాటలో నిజమల్లా ఇదే: ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆ చోటు ఏది?

నా ఉద్యోగం రోజుల్లో ఆ చోటు అందరికీ తెలుసు.

1973 జనవరి 1 నుంచి మన దేశంలో జనరల్ ఇన్సూరెన్సు వ్యాపారమంతా జాతీయమైంది. వందకు పైగా ఉన్న కంపెనీలు నాలుగయ్యాయి. నేను ఆ మరుసటేడు చేరాను. ఆ తరవాత సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం వచ్చి, 1980 అక్టోబరు 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకులకూ పాకింది. బ్యాంకువాడు అప్పిచ్చి గేదెని కొనిపెడితే, ఆ గేదెకి మేము బీమా చేసేవాళ్ళం. పశువుల డాక్టరు దాని ఈతలూ, పాలూ చూసి విలువ కట్టేవాడు. చెవికి నంబరున్న పోగు వేసేవాళ్ళు. గేదె చచ్చిపోతే డాక్టరు శవపరీక్ష చేసి సర్టిఫికెట్టివ్వాలి, దాంతోపాటు ఆ చెవిపోగు మాకు దాఖలు చెయ్యాలి. పోగు లేకపోతే సొమ్ము లేదు. ఆ నిబంధన ఊరికే పుట్టలేదు సుమండీ. ఒకే గేదె మూడుసార్లు చచ్చిపోయిన ఊళ్ళు నేనెరుగుదును.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ బీమా గేదె చస్తే దాని విలువ ఇచ్చేది. బతికించడానికి అయ్యే మందులకి ఒక్క కానీ ఇచ్చేది కాదు. అంచేత రైతుకి లెక్క తేలిక. గేదె రెండు వేలు. మందులు రెండు వందలైతే పెడతాడు. పదిహేను వందలైతే ఆలోచిస్తాడు. రెండు వేలు దాటితే మానేస్తాడు. డాక్టరు కూడా "ఇంక దీనికి మందు దండగ వెంకయ్యా" అని మొహమ్మీదే చెప్పేవాడు. ఆయన్నెవరూ కసాయివాడనలేదు, రైతునెవరూ ప్రేమ లేనివాడనలేదు. గేదెకి వెల ఉంది కాబట్టి వైద్యానికి హద్దుంది.

మరి భీముడో? వాణ్ణి మేము కొనలేదు. ఎవరింట్లోనో నాలుగు పిల్లలు పుడితే ఒకటి తెచ్చుకున్నాం. ఈ వేళ సంతలో పెడితే పదకొండేళ్ళ కుక్కని ఉచితంగా ఇస్తామన్నా పట్టుకెళ్ళేవాడు లేడు. తెలుగులో 'వెలలేనిది' అనే మాటకి రెండర్థాలున్నాయి చూశారా? కొనలేనంత గొప్పదనీ అర్థమే, ఎందుకూ కొరగానిదనీ అర్థమే. భీముడు ఆ రెండూను. వెలలేనివాడి వైద్యానికి హద్దెక్కడ పెడతారు? ఆ కుర్ర డాక్టరు పెట్టలేడు. నేనూ పెట్టలేను. ఇద్దరం ఎవరూ పెట్టని హద్దు చుట్టూ తచ్చాడుతుంటాం.

ఆ హద్దు తామే చూసుకుంటామంటూ వచ్చింది పెంపుడు జంతువుల బీమా. ఇది మా పాత బీమాకి తిరగేసిన బొమ్మ. చావుకి కాదు, ముఖ్యంగా చికిత్సకి డబ్బిస్తుంది. స్వీడనులో 1924 నుంచే కుక్కలకి బీమా ఉంది. ఇవాళ అక్కడ ఎక్కువ కుక్కలకి పాలసీలున్నాయి. అమెరికాలో ఇలాంటి మొదటి పాలసీని 1982లో టీవీలో నటించే లాసీ అనే కుక్క పేర రాశారు. మన దేశంలోనూ ఇప్పుడు కొన్ని కంపెనీలు అమ్ముతున్నాయి. ముందునుంచీ ఉన్న జబ్బుకి ఇవ్వరు. చేరిన కొత్తలో కొన్నాళ్ళు ఇవ్వరు. ముసలితనంలో చేర్చుకోరు. వీటిని నేను తప్పుపట్టను. అంటుకున్న వాముకి అగ్నిబీమా ఏ వెర్రివాడూ చెయ్యడు.

నా బాధ వేరు. పక్కవాడు ఇస్తున్నాడంటే మన చెయ్యి వదులవుతుంది. పెళ్ళివారి ఖర్చుతో బస చేసినవాడు కాఫీలు లెక్కపెట్టడు. బీమా ఉంటే డాక్టరు నాలుగు పరీక్షలు ఎక్కువ రాయడానికి జంకడు, మనం ఎందుకని అడగం. బిల్లు పెరుగుతుంది. బిల్లు పెరిగిందని మరుసటేడు ప్రీమియం పెరుగుతుంది. ప్రీమియం కడుతున్నాం కదా అని మనం ఇంకా అడగం. గానుగెద్దు తిరిగినట్టు ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ ఉంటే, బీమా లేనివాడు మధ్యలో నలుగుతాడు. ఆ బల్ల దగ్గర అమ్మాయి ముందుగా ఆ ప్రశ్న ఎందుకడిగిందో ఇప్పుడర్థమైందా?

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఆ రాత్రి ఇంగ్లండునుంచి మా అమ్మాయి ఫోను చేసింది. లెస్టరులో ఉంటుంది. దానికో పిల్లి. భీముడి సంగతి విని, "నాన్నా, ఇక్కడ దీనిమీద దేశమంతా గొడవే" అని మొదలుపెట్టింది.

బ్రిటన్‌లో వ్యాపారాల్లో పోటీ సరిగా ఉందా లేదా అని చూసే ప్రభుత్వ సంస్థ ఒకటుంది. అది 2023 సెప్టెంబరులో పశువైద్యం ధరలమీద విచారణ మొదలుపెట్టి, మీ అనుభవాలు చెప్పండని జనాన్ని అడిగింది. 56 వేల జవాబులొచ్చాయి. వాటిలో 45 వేలు జంతువుల్ని పెంచుకునేవాళ్ళవి, మిగతావి ఆ వృత్తిలో ఉన్నవాళ్ళవి. 2013లో ఆ దేశపు పశువుల క్లినిక్కుల్లో పదోవంతు పెద్ద కంపెనీల చేతిలో ఉండేవి, పదేళ్ళు తిరిగేసరికి నూటికి దాదాపు 60 అయ్యాయి. చాలాచోట్ల బోర్డుమీద పాత డాక్టరు పేరే ఉంటుంది, యజమాని మారిన సంగతి గడపతొక్కేవాడికి తెలియదు. 2016 నుంచి 2023 లోపల ధరలు సగటున నూటికి 63 పెరిగాయి. 2025 అక్టోబరులో ఆ సంస్థ ఇచ్చిన తాత్కాలిక నిర్ణయంలో చెప్పినవి వింటే మనకి ఆశ్చర్యం వేస్తుంది: ధరల పట్టిక పెట్టండి, క్లినిక్కు ఏ కంపెనీదో చెప్పండి, మందులు బయట చవగ్గా దొరుకుతాయని చెప్పండి, ఖర్చు ఎక్కువయ్యే వైద్యానికి ముందే అంచనా రాసివ్వండి! మన కూరలబజారులో వంకాయలవాడు పలకమీద రాసిపెట్టుకునే పాటి మర్యాద కోసం అంత విచారణ కావలసివచ్చింది.

ఇంకో తిరకాసుంది. అక్కడ పశువైద్యాన్ని అదుపుచేసే చట్టం 1966 నాటిది. అది డాక్టర్లనీ, నర్సులనీ పట్టుకుంటుంది కాని, ఆసుపత్రి యజమానిని పట్టుకోదు. ఆ రోజుల్లో డాక్టరే యజమాని కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ధర పెట్టేదొకరు, తిట్లు తినేదొకరు.

"అయినా మీవాళ్ళకి ఇంత కోపమేమిటే?" అని అడిగాను.

"ఇక్కడ మనుషులు ఆసుపత్రికి వెళ్తే బిల్లన్నది చూడరు నాన్నా. పిల్లిని తీసుకెళ్ళినప్పుడే వైద్యం ఖరీదెంతో మొదటిసారి తెలుస్తుంది. గుండె ఆగుతుంది" అంది.

అది ఆలోచించవలసిన మాటే. అక్కడ 1948 నుంచి మనుషుల వైద్యం సర్కారు ఖర్చు. బిల్లు లేకపోవడం కాదు, అది వేరే తలుపులోంచి పోతోంది. మనకీ 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పెద్ద ఆపరేషన్ల ఖరీదు చాలామంది బీదవాళ్ళు చూడకుండా గడిచిపోయింది. జంతువు వైద్యానికి ఆ తెరలేదు. కత్తి ఖరీదు, కుట్టు ఖరీదు, కరెంటు ఖరీదు, డాక్టరు చదువు ఖరీదు, అన్నీ విప్పి మన ముందు పెడతారు. డాక్టరుమీద మనకొచ్చే కోపంలో సగం ఆ కాగితంమీది కోపమే.

అంచేత వాళ్ళ పక్షాన కూడా రెండు ముక్కలు చెప్పకపోతే అన్యాయం. మన డాక్టరు మనని "ఎక్కడ నొప్పి?" అని అడుగుతాడు. పశువుల డాక్టరుకి ఆ సదుపాయం లేదు. నోరులేని రోగి, అబద్ధాలాడే యజమాని. "ఏం పెట్టారు?" అంటే "పెరుగన్నమేనండీ" అంటాం, నిన్న రాత్రి పెట్టిన చాక్లెట్టు సంగతి దాచి. ఇంక పరీక్షలు చెయ్యక ఏం చేస్తాడు? రక్తం చూసే మిషను కుక్కదని సగం ధరకి రాదు. ఈ వృత్తివాళ్ళే ఊరూరా తిరిగి టీకాలు వేసి, పశువుల్ని మందలకు మందలు చంపిన ముసరవ్యాధిని భూమ్మీద లేకుండా చేశారు. 2011లో ప్రపంచమంతా దాని పీడ విరగడైందని ప్రకటించారు. మశూచి తరవాత అలా తుడిచిపెట్టుకుపోయిన జబ్బు అదొక్కటే. దానికైన బిల్లు మనలో ఎవరైనా చూశామా? ఎవరికైనా దణ్ణం పెట్టామా? పశువైద్యుల్లో ఆత్మహత్యలు మామూలు జనంలోకంటె ఎక్కువని బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ లెక్కలు తేల్చారు. పొద్దున్న ఒక ప్రాణాన్ని నిలబెట్టి, మధ్యాహ్నం ఒక ప్రాణాన్ని తన చేత్తోనే పోగొట్టి, సాయంత్రం దొంగ అనిపించుకునే ఉద్యోగం ఎంత బరువో ఊహించుకోండి.

మరి తప్పెవరిది? తెల్లవార్లూ దొర్లాను. పొద్దున్నే లేచి ఒక నిశ్చయానికొచ్చి, ఒక్కణ్ణే ఆసుపత్రికి వెళ్ళాను.

"డాక్టరుగారూ, చెయ్యగలిగిందంతా సంగతి నిన్న చెప్పారు. తక్కువలో ఏముంది?"

ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో మీకు చెప్పలేను. చీరలకొట్లో పది చీరలు విప్పించి "కొంచెం తక్కువలో చూపించు బాబూ" అన్నట్టుంది. కుర్రాడు కలం కింద పెట్టాడు. చిన్నబుచ్చుకుంటాడనుకున్నాను. ఆయన మొహం తేటపడింది.

"ఈ మాట ఎవరూ అడగరండి. నా అంతట నేను ముందే చెబితే, 'మా దగ్గర డబ్బు లేదనుకున్నావా?' అని కోప్పడినవాళ్ళున్నారు. చెప్పకపోతే దోచుకున్నాడంటారు. అందుకని అందరికీ పెద్దదే ముందు చెబుతాను."

"పెద్దది చేస్తే వాడికి కలిగే మేలెంత?"

"నిజం చెప్పమంటారా? ఈ వయసులో, ఈ రిపోర్టుతో, తట్టుకోవడం కష్టం. తట్టుకున్నా నెలలే. ఆ వారం రోజులూ ఇక్కడ బోనులో ఉండాలి, మీరు కనబడరు."

తక్కువలో ఉన్నదేమిటంటే: వాంతులు ఆగడానికి మందు, కొద్దిగా ఆకలి పుట్టడానికి మందు, రోజు విడిచి రోజు కాంపౌండరు ఇంటికొచ్చి చర్మం కింద సెలైను ఎక్కించడం. రోజుకి నాలుగైదు వందలకి మించదు. "బాధ ఎక్కువైందనిపిస్తే ఏ వేళైనా ఫోను చెయ్యండి, నేనే వస్తాను" అన్నాడు.

నాకప్పుడు తెలిసింది. నిన్న ఆ గదిలో ఇద్దరం సిగ్గుపడ్డాం. నాకు డబ్బు మాట ఎత్తడానికి సిగ్గు, ఆయనకి చిన్న వైద్యం పేరెత్తడానికి సిగ్గు. ఆ రెండు సిగ్గుల మధ్య పుట్టింది 48 వేలు. అత్యాశగల ఆసుపత్రులు లేవని నేననను. ఉన్నాయి, ధరలు దాచేవాళ్ళని చట్టం బయటికి లాగవలసిందే. కాని అత్యాశ లేనిచోట కూడా బిల్లు పెరుగుతుంది. మనం అడగం, వాళ్ళు చెప్పరు. నోరులేనిది కుక్క ఒక్కటే అనుకుంటాం గాని, ఆ గదిలో ఆ వేళకి నోరున్నవాడెవడూ ఉండడు.

అంచేత నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో కుక్కో, పిల్లో ఉంటే అది చలాకీగా గెంతుతున్న రోజునే ఇంటిల్లిపాదీ కూచుని అనుకోండి: ఎంతవరకు పెట్టగలం, దేన్ని మేలంటాం, దేన్ని బాధంటాం అని. ఓపికుంటే బీమా తీసుకోండి, లేదా నెలకింత డబ్బాలో వెయ్యండి. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలడగండి. చేస్తే మేలెంత? చెయ్యకపోతే ఏమవుతుంది? తక్కువలో ఏముంది? ఈ మూడో ప్రశ్న ప్రేమలేనివాడి ప్రశ్న కాదు. ఇది నమ్మడానికి నాకే చాలా రోజులు పట్టింది.

భీముడు ఇరవై రెండు రోజులున్నాడు. వసారాలో, వాడి పాత గోనెమీదే. పదో రోజున పాలవాడు గేటు తీస్తే లేచి రెండుసార్లు మొరిగాడు. మంచం కిందికి మాత్రం వెళ్ళలేకపోయాడు. మా ఆవిడ ఆ రోజు పాలవాడికి కాఫీ ఇచ్చింది. ఇరవై రెండో రోజున డాక్టరుగారికి ఫోను చేశాను. అన్నమాట ప్రకారం వచ్చాడు. మనవరాలు తల ఒళ్ళో పెట్టుకుంది. నొప్పి తెలియకుండానే అయిపోయింది. ఫీజెంతని అడిగితే చెప్పాడు, ఇచ్చాను. మొహమాటపడి వద్దనలేదు, దుఃఖంలో ఉన్నారు కదా అని ఎక్కువా అడగలేదు. చెయ్యవలసిన పని చేసి, దాని ఖరీదు తీసుకుని వెళ్ళాడు. నాకాయనమీద గౌరవం పెరిగింది.

ఆ రాత్రి మనవరాలు నా మంచం దగ్గరికొచ్చి నిలబడింది.

"తాతయ్యా, ఆ 48 వేలు కట్టుంటే బతికేవాడా?"

'లేదమ్మా' అనేస్తే సరిపోయేది. నిద్ర పట్టేది దానికి. కాని పదహారేళ్ళ పిల్లకి అబద్ధం చెబితే ఆ మాట దాని దగ్గర ఎన్నేళ్ళుంటుందో!

"ఇంకొన్నాళ్ళు బతికేవాడేమోనమ్మా. బతకకపోనూవచ్చు. డబ్బు చూసుకోలేదని చెప్పను. చూసుకున్నాను. వాడి బాధ కూడా చూసుకున్నాను."

అది కాసేపు ఊరుకుని, "నన్ను కూడా అడగాల్సింది" అంది. నిజమే. అడగవలసింది. నిర్ణయం చేసినరోజు ఒక్కణ్ణే వెళ్ళాను. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

భీముడి మెడపట్టీ వసారాలో మేకుకి తగిలించి ఉంది, తియ్యడానికి ఎవరికీ చేతులు రావడం లేదు. దాన్ని చూస్తే నాకింకొకటి గుర్తొస్తుంది. 1983లో తెనాలి దగ్గరి పల్లెనుంచి ఒక విధవరాలు మా ఆఫీసుకొచ్చింది. గేదె చచ్చిపోయింది. చెవిపోగు ముళ్ళకంపలో ఎక్కడో ఊడిపోయిందిట. దానికి బదులు పలుపుతాడు పట్టుకొచ్చి నా బల్లమీద పెట్టింది. "మూడు రాత్రులు దీపం పెట్టుకు కూచున్నాను బాబూ, మందులకి గాజులమ్మాను" అంది. నేను ఫైలుమీద 'చెవిపోగు దాఖలు చేయనందున తిరస్కరించడమైనది' అని రాశాను. నిబంధన ప్రకారం అది తప్పు కాదు. ఇవాళ్టికీ కాదు.

ఆవిడ ఆ తాడు మళ్ళీ చుట్టుకుని సంచిలో పెట్టుకుంది. "కూచోమ్మా" అని కూడా అనలేదు నేను. వెనకాల ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు.